లేని సినిమాలోని పాట

మొన్న తెనాలి స్టేషన్ బయట నందివెలుగు వెళ్ళే ఆటో ఎక్కాను. షేరింగ్ ఆటో కాబట్టి నా ఒళ్ళో ఎవరిదో కూరగాయల సంచి, నా భుజం మీద ఎవరి పిల్లదో నిద్ర. డ్రైవరు సెల్‌ఫోనుకి స్పీకరు తగిలించి పాటలు పెట్టాడు. నాలుగైదు హోరు పాటలయ్యాక ఉన్నట్టుండి ఒక ఆడగొంతు మొదలైంది. సినిమా పాటల్లాగా నునుపుగా లేదు. వెనకాల జనం గోల, ఏదో ఇంజను చప్పుడు.

పక్కనావిడ "అదేం పాట బాబూ, మార్చు" అంది. నేను మార్చొద్దన్నాను. అన్నానా, అరిచాను. పిల్ల ఉలిక్కిపడి లేచింది. ఎవరు పాడారో తెలుసా అని డ్రైవర్ని అడిగితే తెలీదన్నాడు. మెమరీ కార్డులో పాటలెక్కించే షాపువాడు వందపాటలతో పాటు ఇదీ ఎక్కించాడట. తీసేద్దామనుకుంటూనే తీయలేదట. ఎందుకు తీయలేదని నేను అడగలేదు. అది తీయబుద్ధి కాని పాట. అది పాడేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ మైకు పట్టుకుంది నేనే.

ఆ గొంతు మా అక్కది. సొంత అక్క కాదు, మా ఆర్కెస్ట్రాలో అందరికీ అక్కే, చివరికి ఆమెకంటే పదేళ్ళు పెద్దయిన కీబోర్డు మాస్టారికి కూడా. పేరు రాయను. రాస్తే ఎక్కడున్నా వచ్చి "నా పేరుతో నీకేం పనిరా" అని నిలదీసే మనిషి.

అప్పట్లో నేను రిథమ్ ప్యాడ్స్ వాయించేవాణ్ణి. తబలా, డోలక్కు, డప్పు అన్నీ ఒక రబ్బరు పలకలో ఉంటాయి, కర్రలతో కొడితే పలుకుతాయి. పగలు మా మామయ్య షాపులో ఫ్యాన్లకి వైండింగు, సాయంత్రం ఈ వాయింపు. ఆర్కెస్ట్రా ఆ కీబోర్డు మాస్టారిదే. వినాయక చవితి నుంచి దసరా దాకా ఒక పాత వ్యానులో మేం అమృతలూరు, బాపట్ల, రేపల్లె తిరిగేవాళ్ళం. దాన్ని మాస్టారు టూరు అనేవారు. సముద్రం అడ్డొచ్చి ఆగామే గానీ లేకపోతే సింగపూరులో తేలేవాళ్ళమని ఆయన నమ్మకం.

అక్క వాళ్ళది తెనాలిలో పాత సాయిబుల కుటుంబం. వినాయకుడి పందిట్లో ప్రార్థన గీతం ఆమే పాడేది. కొత్త ఊళ్ళో ఎవరైనా కనుబొమలెగరేస్తే, "ఆయనకి లేని పట్టింపు నీకేంటి నాయనా" అనేది. అంతటితో ఆ సంగతి అయిపోయేది.

మైకు టెస్టింగు ఆమె తీరే వేరు. అందరూ హలో హలో అంటారు. అక్క "బీరకాయ, పొట్లకాయ, మునక్కాయ" అనేది. కూరగాయల బండి వచ్చిందనుకుని సంచి పట్టుకుని బయటికొచ్చిన ఇల్లాళ్ళని నేను చూశాను. ఇదేం టెస్టింగు అక్కా అంటే, పెదవులు కలిసే మాటలు సరిగ్గా పలికితే మిగతావన్నీ వాటంతటవే పలుకుతాయనేది.

జనం మాకు చీటీలు పంపేవాళ్ళు, ఫలానా సినిమాలో ఫలానా పాట పాడమని. అక్క చీటీలు చదివి, పంపినవాళ్ళకి మైకులోనే జవాబు చెప్పేది. ఒకే పాట కోసం మూడు చీటీలు పంపినవాణ్ణి, "మీ ఇంట్లో అన్నం కూడా ఇలాగే అడుగుతావా బాబూ? మీ ఆవిడ ఎలా వేగుతోందో" అంది. వాడు సిగ్గుపడి, నాలుగో చీటీలో క్షమాపణ పంపాడు. నన్నైతే ప్రతి ప్రోగ్రాముకీ ఏదో ఒకటి అనేది. "నువ్వు కొట్టేది డప్పు కాదురా, నీ కోపం. అది మీ మామయ్య మీద చూపించుకో, పాట మీద కాదు." నాకు ఒళ్ళు మండేది. తర్వాత వింటే ఆమె చెప్పిందే నిజమయ్యేది. అప్పుడు ఇంకా మండేది.

ఆమె ఉచ్చారణ గురించి ఊరూరా చెప్పుకునేవాళ్ళు. ఒక్క అక్షరం మింగేది కాదు. ప్రతి మాటకీ పెదవులు నిండా విప్పి, నిండా మూసి, ఒలిచిన అరటిపండులా చేతిలో పెట్టినట్టు పలికేది. ఏ సంగీతం మేష్టారి దగ్గర నేర్చుకుందో అని పెద్దవాళ్ళు అడిగేవాళ్ళు. ఏ మేష్టారూ లేడు. అది ఇంట్లో పట్టుబడిన అలవాటు.

వాళ్ళాయనకి చెవులు వినపడవు. నేను బావగారూ అనేవాణ్ణి. రైసు మిల్లులో ఏళ్ళ తరబడి మిషను పక్కన నిలబడి పనిచేసి, కొంచెం కొంచెంగా వినికిడి పోగొట్టుకున్నారు. పోతూ పోతూ ఉండగానే మిల్లులో కూలీల పెదవులు చూసి మాట పోల్చుకోవడం నేర్చుకున్నారు. ఆ కూలీలంతా తెలుగువాళ్ళు. అందుకని ఆయనకి కంటితో వినడం తెలుగులోనే వచ్చింది. చిన్నప్పటినుంచీ ఉర్దూ మాట్లాడుకున్న ఆ ఇంట్లోకి ఆయన చెవులు పోయాక తెలుగు వచ్చింది. అక్క ఆయనకి ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా పెదవుల మీద పేర్చి చెప్పేది. తిట్లు మాత్రం ఉర్దూలోనే ఉంచుకుంది. ఉర్దూలో అయితే ఆయనకి అందవు కాబట్టి మనశ్శాంతిగా తిట్టుకోవచ్చనేది.

ఆయన్ని మిల్లులో మాన్పించాక అక్క మాస్టారితో పోట్లాడి మా జనరేటరు దగ్గర పెట్టించింది. ఆ పనికి అంతకంటే తగిన మనిషి ఈ భూమ్మీద లేడు. మేం రెండు నిమిషాలు దాని పక్కన నిలబడితే తల దిమ్మెక్కిపోయేది. ఆయన స్టేజీ వెనక దాని పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒక చెయ్యి దాని మీద వేసి, చల్లగాలికి కూర్చున్నట్టు కూర్చునేవారు. తన గొంతు తనకి తెలీదు కాబట్టి ఆయన గుసగుసలు కూడా ఊరంతటికీ వినపడేవి. ఒక రిసెప్షనులో పెళ్ళివారి బిరియానీలో ఉప్పు తగ్గిందని నా చెవిలో రహస్యంగా చెప్పారు. పెళ్ళికొడుకు తండ్రి పరిగెత్తుకొచ్చి క్షమించమన్నాడు.

ఇక ఆ పాట. ఒక సాయంత్రం ఇంట్లో ఊక పొయ్యి ముందు కూర్చుని అక్క ఆయన కోసం కట్టింది. ఆయనకి చదువు రాదు, చెవి లేదు, అయినా పాట అంటే ఇష్టం. చెవులున్నప్పుడు ఈమె పాట విని వెంటపడి చేసుకున్న మనిషి మరి.

చెవికి అందని మాటనంతా
చూపుకిచ్చి పంపుతున్నా
పెదవి మీద నీ పేరుంది
చదువుకో నా దొరా, చదువుకో

మిల్లు హోరుకి కొట్టుకుపోయె
మెల్లగా నే పిలిచిన పిలుపు
ఊక పొయ్యి మంటల ముందు
ఊసులాడదాం, కూర్చో నువ్వు

ఇంతే. మొదటిసారి వ్యానులో పాడి వినిపిస్తే, మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నేను ముక్కు చీదుకున్నాను. తర్వాత అమృతలూరులో ఒక రిసెప్షనులో పాడదామని అందరం కలిసి నిర్ణయించాం.

అక్కడ తెలిసొచ్చింది మా తెలివి. మన వైపు పాటంటే సినిమా పాటే. అక్క "ఇది నేను రాసుకున్న పాటండి" అంది. అంతే, జనం ఇదేదో బడిపిల్లల పాట అనుకున్నారో, భజన అనుకున్నారో, కుర్చీలు జరుపుకుని ఐస్‌క్రీము దగ్గరికి లేచారు. పల్లవి అయ్యేసరికి ముందు వరసలో ఒక ముసలావిడ, ఆవిడ ఒళ్ళో మనవడు మిగిలారు. "ఏ సినిమాలోది తల్లీ?" అని ఆవిడ అడిగింది. నాదేనండి అని చెబితే, "అది కాదమ్మా, ఏ సినిమాలోది?" అంది మళ్ళీ.

అక్కకి అభిమానం ముంచుకొచ్చింది. మైకు నోటి దగ్గరికి లాక్కుని, "పాత సినిమాలోదండి. కాలవగట్టు కాపురం. పాపం బొమ్మ సరిగ్గా ఆడలేదు" అంది. ఆ పేరు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకే తెలీదు. లేచినవాళ్ళు ఐస్‌క్రీము కప్పులతో సహా వెనక్కొచ్చారు. పాట మళ్ళీ మొదటినుంచీ పాడింది. చప్పట్లకి షామియానా ఊగింది. పాత పాటల్లో ఉన్న గొప్పతనం ఇప్పుడెక్కడుందని ఒక పెద్దమనిషి కళ్ళు తుడుచుకున్నాడు. కొత్త పాటండీ బాబూ, వయసు నెల రోజులు కూడా లేదని నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను.

అక్కణ్ణుంచి అదే వరస. ప్రతి ఊళ్ళోనూ కాలవగట్టు కాపురం. చీటీలు కూడా రావడం మొదలైంది. అక్క నవ్వేది గానీ ఆ నవ్వులో ఏదో వెలితి ఉండేది. తన బిడ్డని పక్కింటివాళ్ళ బిడ్డ అని చెప్పి ముద్దుచేయించుకున్నట్టుందిరా అంది ఒకసారి. బావగారికి ఇదేమీ తెలీదు. స్టేజీ మీద మైకు ఆమె నోటికి అడ్డం ఉంటుంది. ఆ పాట ఆయనకి తెలిసింది ఇంట్లోనే, పొయ్యి వెలుగులో ఆమె పెదవుల మీద. స్టేజీ మీద పాడుతోందని తెలుసు. తన మీద కట్టిన పాట నలుగురూ మెచ్చుకుంటున్నారని మురిసిపోయేవారు, అంతే.

బాపట్లలో కొంప మునిగింది. ప్రోగ్రాము మొదలవకముందు నేను వైర్లు లాగుతున్నాను. తెల్లటి పంచె కట్టుకున్న ఒక పెద్దాయన మంచినీళ్ళ కోసం వెనక్కి వచ్చి, బావగారిని పలకరించి, మీ వాళ్ళు కాలవగట్టు కాపురంలో పాట పాడతారటగా అన్నాడు. బావగారు ఆయన పెదవులనే చూస్తూ, అదేంటండి అని అడిగారు. మహానుభావుడు కథ మొత్తం చెప్పాడు. తన పెళ్ళయిన కొత్తలో చూశాడట. హీరో మిల్లులో పనిచేస్తాడట. చెవులు పోతాయట. హీరోయిను ఊక పొయ్యి ముందు కూర్చుని ఈ పాట పాడుతుందట. ఇంటర్వెల్ సరిగ్గా అక్కడే పడుతుందట. ఎవరి దగ్గరో పాట విని దాంట్లోంచి కథంతా తనే అల్లేసుకుని, నిజంగా చూశాననే నమ్ముతున్నాడు. అబద్ధమాడే ముఖం కాదు. నేను పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను.

నవ్వుతూ బావగారి ముఖం చూశాను. నా నవ్వు ఆగిపోయింది.

ఆ మనిషికి ఏం అర్థమైందో వేరే చెప్పాలా? ఎప్పుడో ఎవరో తీసిన సినిమాలో ఎవడో మిల్లు చెవిటివాడి మీద పాట ఉంది. ఈమె దాన్ని తెచ్చి, నీ కోసం నేనే రాశానని చెప్పింది. విని పోల్చుకోలేడు కదా, ఏం చెప్పినా నమ్ముతాడు కదా అనుకుంది. నేను పరిగెత్తుకెళ్ళి, ఆ సినిమా లేదు బావగారూ, పాట అక్కదే అని నెత్తీ నోరూ బాదుకున్నాను. ఆయన నన్ను ఓపిగ్గా చూసి, "నువ్వు వాళ్ళ మనిషివి. నువ్వు అలాగే చెప్తావులే అబ్బాయ్" అన్నారు. తర్వాత మాస్టారు చెప్పినా నమ్మలేదు.

మామూలు మొగుడూ పెళ్ళాలు దెబ్బలాడుకుంటే ఒకరు మాట్లాడ్డం మానేస్తారు. రెండోవాళ్ళు మాట్లాడుతూనే ఉంటారు, ఏదో ఒకటి చెవిన పడుతుంది. ఈయన తల తిప్పుకుంటే చాలు. ఇంట్లో మాట అన్నదే ఉండదు. అక్క ఎదురుగా కూర్చుంటే గోడ వైపు తిరిగేవారు. గోడ వైపు వెళ్తే గుమ్మం వైపు తిరిగేవారు. వారం రోజులు ఆ ఇంట్లో ఆమె ఒక్క మాట చెప్పుకోలేకపోయింది. రేపల్లె ప్రోగ్రాము తర్వాత పొన్నూరులో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతానని, వేరే జనరేటరు మనిషిని చూసుకోమని ఆయన మాస్టారితో చెప్పేశారు. గుసగుసగానే చెప్పారు. వీధి వీధంతా విన్నది.

అక్క మా మామయ్య ఫ్యాన్ల షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుంది. నేనెప్పుడూ ఆమెని అంత చిన్నగా చూడలేదు. "ఆయన వెళ్ళిపోతే వెళ్ళనీరా. నేను చెప్పేది చూశాక వెళ్ళమను. ఒక్కసారి నా మొహం చూడమను" అంది. టీ తెప్పించాను. తాగలేదు.

రేపల్లెలో వ్యాపారస్థుల పందిరి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకే జనం నిండిపోయారు. మాస్టారు ప్రతి సీజనుకీ ఒక ప్రోగ్రాము సౌండు మిక్సరులోంచి క్యాసెట్టుకెక్కించేవారు, కొత్త బేరాలొచ్చినప్పుడు వినిపించడానికి. ఆ రోజు రికార్డింగు ఉందని, ఎవరూ తగలేయొద్దని మమ్మల్ని ముందే హెచ్చరించారు. బావగారు స్టేజీ పక్కన జనరేటరు దగ్గర, మాకు వీపు పెట్టి కూర్చున్నారు. ఆయన సంచీ సర్దుకుని కుర్చీ కింద పెట్టుకున్నారు.

నాలుగు పాటలయ్యాయి. కాలవగట్టు కాపురం పాడమని చీటీ వచ్చింది. మాస్టారు కీబోర్డు మీద మొదలుపెట్టారు. అక్క అందుకోలేదు. మాస్టారు మళ్ళీ మొదటికొచ్చారు. ఆమె చెయ్యెత్తి ఆగమంది.

"ఈ పాట ఏ సినిమాలోదీ కాదండి," అంది. "ఆ సినిమానే లేదు. నేను అబద్ధం చెప్పాను. ఈ పాట నేను మా ఆయన కోసం రాసుకున్నాను."

వెనకనుంచి ఒక గొంతు, ఉందమ్మా ఆ బొమ్మ, మా బావమరిదీ నేనూ కలిసి చూశాం అంది. జనం గొల్లున నవ్వారు. ఇంకెవరో కోపంగా, మరి ఇన్నాళ్ళూ ఎందుకు మోసం చేశావని అడిగారు. ఈలలు మొదలయ్యాయి. మాస్టారు నుదురు కీబోర్డుకి ఆనించేశారు. ఆ నుదురు చేసిన చప్పుడు కూడా టేపులో ఉంది.

"నాదని చెబితే వినలేదు కదండి. అందుకని చెప్పాను. వినిపించాల్సిన మనిషి ఇంకొకరున్నారు. కాస్త ఓపిక పట్టండి." ఇలా అని అక్క మైకుతో సహా స్టేజీ పక్క మెట్లు దిగింది.

వైరు సాగుతోంది. ఇంకో నాలుగడుగులు వేస్తే మిక్సరే ఊడొస్తుంది. నేను కర్రలు పారేసి, వైరు చుట్ట అందుకుని ఆమె వెనక పరిగెత్తాను. ఆమె వెళ్ళి బావగారికి ఎదురుగా నిలబడింది. ఆయన కుర్చీలోనే అటు తిరిగారు. ఆమె అటు వెళ్ళింది. ఆయన ఇటు తిరిగారు. ఆమె ఇటు వచ్చింది. నేను వైరు వదులుతూ ఆమె వెనకాలే, బొంగరం చుట్టూ తాడులాగా. అలా తిరగ్గా తిరగ్గా వైరు ఆ కుర్చీ కాళ్ళకీ ఆయన కాళ్ళకీ చుట్టుకుపోయింది. ఒక పక్క సెగలు కక్కే జనరేటరు, రెండో పక్క పందిరి గుంజ. ఇక తిరగడానికి చోటు లేదు. జనం లేచి స్టేజీ పక్కకి వచ్చేశారు. నవ్వుతున్నారు. ఆయన కళ్ళు మూసుకుంటే అయిపోయేది. అది ఆపడం ఎవరి వల్లా కాదు. ఆయన కళ్ళు మూసుకోలేదు.

అక్క మైకు నా చేతిలో పెట్టి, నోటికి అడ్డం రాకుండా కింద పట్టుకోమంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని మైకుని ఆమె నడుము ఎత్తున పట్టుకున్నాను. అందుకే ఆ టేపులో గొంతు కొంచెం దూరంగా ఉంటుంది, ఇంజను చప్పుడు దగ్గరగా ఉంటుంది. పాడింది. పల్లవి పాడింది, మిల్లు చరణం పాడింది. ఆయన ముఖంలో మార్పేమీ లేదు. నిజమే, ఇవన్నీ ఆ బాపట్ల పెద్దాయన సినిమాలోనూ ఉన్నాయి కదా. అయిపోయింది, పొన్నూరే అనుకున్నాను.

అప్పుడు ఆమె ఇంకో చరణం ఎత్తుకుంది. మేమెవరమూ అది విన్నది లేదు. మాస్టారు నాలుగు మెట్లు వాయించి, ఎటు పోతోందో తెలీక చేతులు తీసేశారు. ఇక ఆమె గొంతూ జనరేటరూ, అంతే.

తల తిప్పితే తలుపేసినట్టే
తట్టలేక నిలుచున్నాను
డీజిలు పొగలో కళ్ళు మండినా
రేపల్లె నడుమ పాడుతున్నాను

లేని బొమ్మను చూసినవాణ్ణి
నమ్మినావే, నన్నొదిలేసి
ఉన్న ఆలిని ఒక్కసారి
చూడవేమి, చూడవేమి

బాపట్లలో విన్నావు కథను
ఇంట్లో ఉన్నది వినలేవా
పొన్నూరికని సంచి సర్దితే
పొయ్యి ముందర నేనొక్కతేనా

సంచి మాట వచ్చినప్పుడు ఆయన కుర్చీ కిందకి చూసుకున్నారు. తర్వాత ఆమె ముఖంలోకి చూశారు. ఈ చరణం ఏ పాత సినిమాలో ఉంటుంది? ఏ హీరో పొన్నూరికి సంచి సర్దుకున్నాడు? ఆయన పెదవులు ఆమె పెదవులతో పాటు కదలడం నేను కింద నుంచి చూశాను. ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకున్నారు. బావమరిదితో సినిమా చూసినాయన కూడా ముందుకొచ్చి నిలబడి, ఆ సినిమా సంగతి మరిచిపోయినట్టున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నాడు. నా చేతిలో మైకు ఊగితే అక్క చూడకుండానే కాలితో నా మోకాలు తన్నింది, సరిగ్గా పట్టుకోమని.

పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. అక్క రెండు చేతులూ వేలాడేసి, వచ్చిన ఆయాసం ఆపుకుంటూ, తీర్పు కోసం నిలబడినట్టు నిలబడింది.

బావగారు వంగి కాళ్ళకి చుట్టుకున్న వైరు నెమ్మదిగా విప్పుకున్నారు. చుట్ట చుట్టి నా చేతికిచ్చారు. లేచి ఆమెకి దగ్గరగా వెళ్ళి, ఎవరికీ వినపడకూడదని ఆమె చెవి దగ్గర నోరు పెట్టి చెప్పారు. రేపల్లె మొత్తం విన్నది.

"బాగా రాశావు. రెండో చరణమే కొంచెం పెద్దదైంది. నన్ను తిట్టేది కాస్త తగ్గించు."